మిచినాగాది ప్రేమా, రాజకీయమా? జపాన్ రాజదర్బారు డ్రామా చూసినవాళ్లు జర చెప్పండి

పానగల్లు_పిల్ల

2024లో జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్లు ఏడాది పొడుగునా వేసిన 48 ఎపిసోడ్ల డ్రామా, గెంజీ గాథ రాసిన మురసకి షికిబు మీద తీసింది, ఇక్కడ ఎవరైనా చూశారా? మేం నల్లగొండలో ఇంట్లో ముగ్గురం చూస్తున్నాం. అక్క సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెప్తుంది, అమ్మ మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలేస్తుంది, దాంతో ముప్పావు గంట ఎపిసోడ్ గంటన్నర నడుస్తుంది. ఇచిజో చక్రవర్తి భార్య తేషి చనిపోయిన దగ్గరికి వచ్చాం (డ్రామాలో సదాకో అంటున్నారు, నెట్‌లో చూస్తే తేషి అని ఉంది, ఇద్దరూ ఒకరే కదా?). అప్పటి నుంచి ఇంట్లో ఒకటే లొల్లి.

అమ్మకు అర్థం కానిదేంటంటే, ఈ ఫుజివారా వంశం వాళ్ల దగ్గర డబ్బుంది, మనుషులున్నారు, చక్రవర్తి కూడా వాళ్ల మాట దాటడు, మరి వాళ్లే గద్దె ఎక్కి కూర్చోక ఒక్కో కూతురినీ అంతఃపురానికి పంపుకుంటూ ఈ తిప్పలు ఎందుకు పడుతున్నారు అని. అక్కకు ఇచిజో చక్రవర్తి మీద కోపం, అంత ప్రాణంగా చూసుకున్న భార్యను కాపాడుకోలేనివాడు ఏం చక్రవర్తి అంటుంది. నా డౌటేమో మహిరో (డ్రామాలో మురసకి పేరు ఇదే), ఫుజివారా ఇంటి మంత్రి మిచినాగాల మీద. చిన్నప్పటి నుంచి మనసులో పెట్టుకుని, ఒకరినొకరు చూసుకుని, పైకి మాత్రం మంత్రిగారు, కొలువులో పనిచేసే మనిషి అన్నట్టు మాట్లాడుకుంటారు చూడండి, అది నిజంగా చరిత్రలో ఉందా, లేకపోతే సీరియల్ కోసం అల్లిందా? చరిత్రే కాబట్టి స్పాయిలర్ అని ఎవరూ ఆగకండి, తెలిసింది మొత్తం చెప్పండి.

పాలమూరు_పంతులు

ఒకరే చెల్లీ. సదాకో అన్నా తేషి అన్నా ఆమే. నేను పుస్తకాల్లో అలవాటైన పేర్లే రాస్తాను.

మీ అమ్మగారి ప్రశ్నతో మొదలుపెడతా, దానికి జవాబు దొరికితే మిగతావి సగం తేలిపోతాయి. హెయాన్ కాలమంటే 794లో రాజధాని ఇప్పటి క్యోటోకు మారిన దగ్గర్నుంచి దాదాపు నాలుగు వందల ఏళ్లు. చక్రవర్తిది దేవతల నుంచి దిగివచ్చిన వంశమని అందరి నమ్మకం, కాబట్టి ఇంకో ఇంటివాడు ఆ గద్దె ఎక్కితే ఎవడూ దండం పెట్టడు. ఫుజివారా వాళ్లు గద్దె జోలికి పోలేదు, దాని మీద కూర్చునే పిల్లాడిని తమ ఇంట్లో పెంచుకున్నారు. అప్పటి పెళ్లిళ్లు చాలావరకు మన ఇల్లరికంలా ఉండేవి, మొగుడు రాత్రిపూట పెళ్లాం ఇంటికి వచ్చిపోతాడు లేదా అక్కడే ఉండిపోతాడు, పిల్లలు పెరిగేది తల్లి తరఫు ఇంట్లో. చక్రవర్తి భార్య అయినా సరే కాన్పుకు పుట్టింటికే రావాలి. పుట్టినవాడు మొదట చూసేది అమ్మమ్మను, తాతను. వాడిని ఏడెనిమిదేళ్లకు గద్దె ఎక్కిస్తే రాజ్యం నడిపేది ఎవరో చెప్పక్కర్లేదు. పిల్లవాడి తరఫున నడిపితే ఆ పదవిని సెష్షో అంటారు, వాడు పెద్దయ్యాక అదే కుర్చీ కంపకు అవుతుంది.

ఇది ఎంత కర్కశంగా నడిచేదో తెలియాలంటే మిచినాగా తండ్రి కనెయియే 986లో చేసిన పని చూడండి. కజన్ అని కుర్ర చక్రవర్తి. అతని ప్రియమైన భార్య అంతకు ముందు ఏడాదే కడుపుతో ఉండి చనిపోయింది, అతనికి లోకం మీద ఆశ పోయింది. కనెయియే కొడుకు మిచికనె పక్కన చేరి, ఇద్దరం కలిసి సన్యాసం పుచ్చుకుందాం పదండి అన్నాడు. రాత్రి బయలుదేరారు. వెన్నెల పట్టపగల్లా ఉంది, ఎవరైనా చూస్తారని కజన్ వెనకాడితే, రాజచిహ్నాలు అప్పుడే యువరాజు దగ్గరికి చేరిపోయాయి, ఇక ఆగే వీలు లేదన్నాడు మిచికనె. నాలుగడుగులు వేశాక కజన్‌కు ఆమె ఉత్తరం గుర్తొచ్చింది. చించకుండా దాచుకుని ఒంటిమీద నుంచి దింపకుండా చదువుకునే ఉత్తరం. ఒక్క నిమిషం, తెచ్చుకుంటా అని వెనక్కి తిరిగాడు. మిచికనె అక్కడే దొంగ ఏడుపు అందుకున్నాడు, ఇప్పుడు ఆగితే అంతా చెడిపోతుందని. గుడికి పోయి కజన్ తల గీయించుకున్నాక, నా ఈ రూపం ఒక్కసారి మా నాన్నకు చూపించి వస్తానని పోయినవాడు పోయినట్టే. ఆ వెంటనే కనెయియే మనవడు ఇచిజో చక్రవర్తి, వాళ్ల లెక్కలో (పుట్టిన ఏడాదినే ఒకటిగా లెక్కేస్తారు) 7 ఏళ్ల పిల్లాడు.

ఈ ఉత్తరం, దొంగ ఏడుపు ఓకగామి అనే తర్వాతి కాలం గ్రంథంలో చెప్పినవి, కాబట్టి కొంత కథకుడి చెయ్యి పడి ఉంటుంది. చక్రవర్తి ఒక రాత్రి గుడికి పోయి గద్దె పోగొట్టుకోవడం మాత్రం చరిత్ర. భార్య పోయిన దుఃఖాన్నే తాడులా పట్టుకుని కిందికి లాగారు. అందుకే మీరు ప్రేమా రాజకీయమా అని అడిగితే నేను విడదీసి చెప్పలేను. ఆ కొలువులో చక్రవర్తి ఏ గదికి పోయి పడుకుంటాడు అన్నదే ప్రభుత్వ వ్యవహారం.

మిర్యాలగూడ_మిల్లు

అన్నా నేను నాలుగు ఎపిసోడ్లు చూసి పక్కన పెట్టిన. మొదటి ఎపిసోడ్‌లో ఒక్క కత్తి లేచింది, ఆ తర్వాత అంతా విసనకర్రలే. సమురాయ్‌లు ఎప్పుడొస్తరు?

పాలమూరు_పంతులు

@మిర్యాలగూడ_మిల్లు, వాళ్ల రాజ్యం రావడానికి ఇంకో నూటేభై ఏళ్లకు పైనే ఉంది తమ్మీ. నువ్వు చూసిన ఆ ఒక్క కత్తి, అంటే మహిరో తల్లిని మిచికనె చంపడం, అదీ డ్రామా రాసినవాళ్ల కల్పనే. రాజధానిలో 810 తర్వాత మళ్లీ 1156 దాకా మరణశిక్ష అమలు చేయలేదు. ఓడినవాడికి దూరప్రాంతం పోస్టింగో, గుండు చేయించి సన్యాసమో. బాణం కావాలంటే 996 దాకా ఓపిక పట్టు, ఒకటి పడుతుంది.

గద్వాల_జరీ

పంతులు గారు చెప్పింది కరెక్టే గానీ ఆయన ఎప్పుడూ మగవాళ్ల ఎత్తుల దగ్గరే ఆగుతారు 🙂 పానగల్లు చెల్లీ, మీ అక్కకు నా తరఫున చెప్పు, ఇచిజో మీద కోపం కొంచెం తగ్గించుకోమని. ఆయన చేతిలో ఏముందో చూడాలి కదా.

తేషి ఆయన దగ్గరికి వచ్చింది 990లో, వాళ్ల లెక్కలో ఆమెకు 14, ఆయనకు 11. ఇద్దరూ కలిసి పెరిగినట్టే. చదువుకున్న పిల్ల, హాస్యం తెలిసిన పిల్ల, ఆమె గది అంటే నవ్వులూ పద్యాలూ. ఆ గది ఎట్లా ఉండేదో తేషి కొలువులో పనిచేసిన రచయిత్రి సెయి షోనగొన్ రాసిపెట్టింది కాబట్టి మనకు తెలుసు. తేషి తండ్రి మిచితక కంపకుగా ఉన్నన్నాళ్లు ఏ చింతా లేదు. 995లో తాగుడు మనిషి మిచితక జబ్బుతో పోయాడు. తమ్ముడు మిచికనెకు (అదే, దొంగ ఏడుపు ఏడ్చినవాడు) కుర్చీ వచ్చింది, రెండు వారాలు కూర్చోకుండానే ఆయనా పోయాడు, ఆ ఏడాది ఊరంతా అంటువ్యాధి. ఇక మిగిలింది ఇద్దరు, తేషి అన్న కొరెచిక, వాళ్ల చిన్నాన్న మిచినాగా.

ఇచిజో మనసు బావమరిది వైపు ఉంది, భార్య అన్న కదా. ఇక్కడ ఆయన తల్లి సెన్షి దిగింది. ఆమె మిచినాగాకు సొంత అక్క, ఈ తమ్ముడంటే ప్రాణం. కొడుకు తప్పించుకు తిరుగుతుంటే నేరుగా పడకగదిలోకి పోయి కూర్చుని ఏడ్చి అడిగిందట. బయట మిచినాగా కాచుకుని ఉన్నాడు. చాలాసేపటికి తలుపు తీసుకుని వచ్చింది, ముఖమంతా కన్నీళ్ల చారలు, పెదవి మీద నవ్వు, ఉత్తర్వు వచ్చేసింది అంది. ఇదీ ఓకగామి చెప్పిందే. వాళ్ల లెక్కలో 16 ఏళ్ల కుర్రాడు ఒకవైపు భార్య, ఒకవైపు తల్లి మధ్య నలిగితే ఏం చేస్తాడు, మన ఇళ్లల్లో ఇప్పటికీ తెలియదు ఏం చేయాలో.

మిల్లు తమ్ముడు అడిగిన బాణం ఆ తర్వాతి ఏడాది. కొరెచిక ఒక అమ్మాయి దగ్గరికి పోయేవాడు. సన్యాసి కజన్ (సన్యాసం ఎంత బాగా పట్టిందో చూడండి) అదే ఇంట్లో ఆమె చెల్లెలి దగ్గరికి వచ్చిపోయేవాడు. నా అమ్మాయి దగ్గరికే వస్తున్నాడనుకుని కొరెచిక తన తమ్ముడు తకయియేతో చెప్పాడు, రాత్రి దారి కాశారు, బాణం పోయి మాజీ చక్రవర్తి చొక్కా చేతిలోంచి దూసుకుపోయింది. అంతే, ఇంకేం కావాలి మిచినాగాకు. సెన్షి మీద చేతబడి చేయించారనీ, చక్రవర్తి తరఫున మాత్రమే చేయాల్సిన పూజ సొంతంగా చేయించారనీ ఇంకో రెండు నేరాలు జతపడ్డాయి. కొరెచికను దూరంగా దజైఫుకు పంపించాలని ఉత్తర్వు. అతను చెల్లెలి ఇంట్లో దాక్కున్నాడు, భటులు వచ్చి ఇల్లంతా వెతికారు. కడుపుతో ఉన్న తేషి ఆ అవమానం పట్టలేక తన జుట్టు తనే కత్తిరించుకుంది.

జుట్టు తీసేస్తే సన్యాసిని అయినట్టే. పద్ధతి ప్రకారం ఇక చక్రవర్తి ఆమె ముఖం చూడకూడదు. ఇచిజో ఏం చేశాడు? మళ్లీ పిలిపించుకున్నాడు. అంతఃపురంలో పెట్టుకోలేక పక్కనే ఉన్న ఆఫీసు భవనంలో ఉంచాడు. కొలువులో పెద్దమనుషులు మూతి ముడుచుకున్నారు, సనెసుకె అనే ఆయన తన డైరీలో తప్పుపట్టాడు కూడా. అయినా ఆమెకు ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారు. బలహీనుడు అంటున్న మీ అక్క ఈ ఒక్క పని గుర్తుపెట్టుకోవాలి.

999లో మిచినాగా తన పెద్దకూతురు షోషిని పంపాడు, వాళ్ల లెక్కలో 12 ఏళ్లు. ఆమెను చక్రవర్తి భార్యగా ప్రకటించిన రోజూ తేషికి కొడుకు పుట్టిన రోజూ ఒక్కటే. మరుసటి ఏడాది షోషికి కూడా పట్టపురాణి హోదా ఇప్పించారు, ఒక చక్రవర్తికి ఇద్దరు పట్టపురాణులు అంతకు ముందు ఎన్నడూ లేదు. తేషి సన్యాసిని కాబట్టి దేవతల పూజలు చేయలేదు, అవి చేయడానికి ఇంకో రాణి కావాలి అని యుకినారి అనే అధికారి వాదన తయారుచేసి ఇచ్చాడు. వాదన బాగానే ఉంది, వెనకాల ఎవరున్నారో అందరికీ తెలుసు. ఆ ఏడాది చివర్లో మూడో కాన్పు అయ్యి తేషి పోయింది.

పోయాక ఆమె మంచం చుట్టూ ఉండే తెర తాడుకు కట్టిన కాగితాలు దొరికాయి, పద్యాలు. ఒకదాని భావం ఇది: రాత్రంతా చేసుకున్న బాసలు మీరు మరవకపోతే, నా కోసం కార్చే కన్నీళ్ల రంగు చూడాలని ఉంది. ఇంకోదాంట్లో, నేను పొగనూ మబ్బునూ కాను, గడ్డి ఆకు మీది మంచుబొట్టును నేననుకుని చూడండి అంది. అందుకే ఆమెను దహనం చేయకుండా ఖననం చేశారు. ఆ రాత్రి మంచు పడుతోంది, చక్రవర్తి కాబట్టి ఇచిజో వెళ్లకూడదు, గదిలోనే కూర్చుని నా మనసు మాత్రం ఆ పొలిమేర దాకా వస్తోంది, నీకు తెలుస్తుందో లేదో అని పద్యం చెప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. 1011లో ఇచిజో తన 32వ ఏట మంచం పట్టి పోయే ముందు ఒక పద్యం చెప్పాడు, మంచుబొట్టులాంటి ఈ ఒంటితో, గడ్డి నీడలో నిన్ను విడిచి, ఈ దుమ్ము దాటి పోతున్నానే అని. పక్కనే కూర్చున్నది షోషి. మిచినాగా డైరీ చూస్తే షోషికి చెప్పినట్టే ఉంటుంది. యుకినారి కూడా డైరీ రాశాడు, ఆయన మాత్రం ఆ పద్యం ఉద్దేశం ‘కోగో’ గారి మీద అని రాశాడు. ఆ హోదా తేషిది, షోషిది ‘చూగూ’. మంచు, గడ్డి రెండూ తేషి పద్యంలోవే. పండితులు ఇప్పటికీ ఇటూ అటూ వాదించుకుంటారు, నాకు మాత్రం అనుమానం లేదు. పదేళ్లు దాటినా ఆయన జవాబు బాకీ పెట్టుకున్నాడు. మీరు దాచుకున్న ప్రేమ అని మహిరో వెంట పోతున్నారు గానీ, కాగితం మీద సాక్ష్యం ఉన్నది ఈ జంటకే.

దేవరకొండ_అక్షరం

జరీ అక్కా, చదువుతూ ఉంటే కళ్లు తడిసినయ్. కానీ మహిరో సంగతి అంత తేలిగ్గా తీసేయకండి.

ముందు తెలియాల్సింది, మురసకి షికిబు అసలు పేరే మనకు తెలియదు, మహిరో అన్నది డ్రామా పెట్టిన పేరు. తండ్రి తామెతోకి చైనా విద్యలో పండితుడు, పదవి లేక చాలా ఏళ్లు ఇబ్బంది పడ్డాడు, 996లో ఎచిజెన్ గవర్నర్ అయ్యాడు. తమ్ముడికి పాఠం చెప్తుంటే ఈమె పక్కన కూర్చుని ముందే పట్టేసేదట, ఇది మగపిల్లాడు కాకపోవడం నా దురదృష్టం అని తండ్రి అనేవాడని తనే డైరీలో రాసుకుంది. వయసులో చాలా పెద్దవాడైన నొబుతకను చేసుకుంది, ఒక కూతురు పుట్టాక 1001లో ఆయన పోయాడు. 1005, 1006 ప్రాంతంలో షోషి కొలువులో చేరింది. చిన్నప్పుడు మిచినాగాను కలిసినట్టు ఎక్కడా ఆధారం లేదు, అది మొత్తం కల్పన.

కొలువులో చేరాక మాత్రం వేరే కథ. 1008లో షోషి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఈమె డైరీ రాసింది. తెల్లవారుజాము, మంచు ఇంకా విడలేదు, మిచినాగా తోటలో తిరుగుతూ ఒక పసుప్పచ్చ పువ్వు కొమ్మ విరిచి ఆమె గది తెర మీదుగా లోపలికి చాపి, పద్యం ఆలస్యం చేయకు అన్నాడు. ఈమె నిద్రముఖంతో ఉన్నానని సిగ్గుపడుతూ సిరాబుడ్డి దగ్గరికి జరిగింది. ఇంకోచోట ఒక రాత్రి ఎవరో తలుపు తట్టారు. భయపడి తెల్లారేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది, తీయలేదు. పొద్దున పద్యం వచ్చింది, రాత్రంతా నీటిపిట్ట కన్నా ఎక్కువగా ఏడుస్తూ తట్టానని (వాళ్ల దగ్గర ఒక నీటిపిట్ట కూత తలుపు తట్టినట్టు ఉంటుందట). ఈమె జవాబు, అంత తొందరగా తట్టిన పిట్టకు తలుపు తీసి ఉంటే ఎంత పశ్చాత్తాపపడేదాన్నో అని. తట్టింది ఎవరో డైరీలో పేరు పెట్టలేదు, తర్వాతి పద్య సంకలనంలో అది మిచినాగాదని చేర్చారు. 14వ శతాబ్దపు వంశావళి ఒకదాంట్లో ఈమె పేరు దగ్గర మిచినాగా ఉంపుడుగత్తె అట అని ఒక ముక్క ఉంది, మూడొందల ఏళ్ల తర్వాతి మాట అది, ఎంత నమ్ముతారో మీ ఇష్టం.

నాకు తలుపు కన్నా కాగితం ముఖ్యం అనిపిస్తుంది. అప్పుడు మంచి కాగితం అంటే మాటలు కాదు. షోషి కోసం గెంజీ ప్రతులు కట్టించేటప్పుడు మంచి కాగితం, కలాలు, సిరా తెచ్చి ఇచ్చింది మిచినాగానే. ఆమె గదిలో లేనప్పుడు వచ్చి దాచిపెట్టిన చిత్తు ప్రతి తీసుకుపోయి తన రెండో కూతురికి ఇచ్చేసింది కూడా ఆయనే, ఆమె డైరీలో గునుస్తుంది. చక్రవర్తికి కథలంటే ఇష్టం, మంచి కథ తన కూతురి గదిలో ఉంటే చక్రవర్తి ఆ గదికి వస్తాడు. ఇచిజో గెంజీ చదివించుకుని విని, ఈమె చరిత్ర గ్రంథాలు చదివి ఉండాలి అని మెచ్చుకున్నాడట. అంటే ఆమె కలం మిచినాగాకు అవసరం. ఆ అవసరంలోంచి వచ్చిన చనువా, చనువులోంచి వచ్చిన ఇష్టమా అని ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఎట్లా రాయాలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

డైరీలో నాకు నచ్చిన ముక్క ఇంకోటి. మిచినాగా పెద్దభార్య రింషి, ఆ ఇల్లు ఆమె పుట్టింటిదే, శేవంతి పూల మీద కప్పి మంచు పట్టించిన దూది ఈమెకు పంపించింది, దీంతో తుడుచుకుని ముసలితనం బాగా పోగొట్టుకో అని. అది ఆప్యాయతో చురకో ఇప్పటికీ చదివినవాళ్లు కొట్టుకుంటారు.

పానగల్లు_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. గడ్డి మీది మంచుబొట్టు దగ్గర అక్క ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టింది. రింషి దూది మాత్రం చురకే, అందులో డౌటేం లేదని అమ్మ తీర్పు.

అమ్మ ఇంకో మాట అన్నది. మన నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 శాసనం ఉంది కదా, రుద్రమదేవి చనిపోయిన సంగతి చెప్పేది. ఆ రుద్రమ కూడా కూతురి కొడుకు ప్రతాపరుద్రుడినే వారసుడిగా చేసుకుంది, కానీ ముందు తనే గద్దె మీద కూర్చుని ఏలింది, ఈ జపాన్ ఆడపిల్లలకు ఆ మాట ఎవరూ ఇవ్వలేదా అని. షోషిని చూస్తే పాపం అనిపిస్తుంది, డ్రామాలో ఇప్పటిదాకా నోరు తెరవలేదు, ఏమడిగినా సరేనంటుంది. ఆమె చివరిదాకా ఇట్లాగే ఉంటుందా?

గద్వాల_జరీ

ఆడవాళ్లు చక్రవర్తులుగా ఏలిన కాలం జపాన్‌లో అంతకు ముందు ఉంది, ఎనిమిదో శతాబ్దం దాకా. షోషి నాటికి ఆ దారి మూసుకుపోయింది.

కానీ ఆమెను తక్కువ అంచనా వేయకు. తేషి పోయాక ఆమె కొడుకు అత్సుయాసును పెంచింది షోషినే. అంతఃపురానికి వచ్చాక తొమ్మిదేళ్ల దాకా తనకు పిల్లలు లేరు. ఈలోపు మురసకి షికిబును కూర్చోబెట్టుకుని, వేరే ఎవరూ లేనప్పుడు, చైనా పద్యాలు నేర్చుకుంది. ఆడవాళ్లు అది చదివితే వెక్కిరించే కాలం, అందుకే చాటుగా. భర్తకు ఆ పద్యాలంటే ఇష్టం, అదీ కారణం అనుకుంటా. నువ్వు అడిగిన దాచుకున్న ఇష్టం ఇక్కడ కూడా ఉంది చూడు.

1008లో కొడుకు పుట్టాడు. మిచినాగా సంతోషం మురసకి డైరీలో చదవాలి, మనవడు ఒళ్లో పోసేస్తే కట్టు విప్పి కుంపటి దగ్గర ఆరబెట్టుకుంటూ, ఈ తడి కోసమే కదా ఇన్నాళ్లు చూసింది అని మురిసిపోయాడు. యాభయ్యో రోజు వేడుకలో బాగా తాగి, నాలాంటి మొగుడు దొరికాడని ఈవిడ లోపల సంతోషపడుతుంటుంది అని నలుగురిలో వాగితే రింషి లేచి వెళ్లిపోయింది.

1011లో ఇచిజో పోయేటప్పుడు తేషి కొడుకును యువరాజు చేయాలనుకున్నాడు. పెద్దవాడు, న్యాయం అదే. మిచినాగా ఒప్పుకోలేదు, తన మనవడే కావాలి. ఇక్కడ కూడా చక్రవర్తికి నచ్చజెప్పింది ఆ యుకినారినే. షోషి తండ్రి మీద కోపగించుకుంది, తను కన్న కొడుకుకు గద్దె వస్తుంటే కూడా. ఇది యుకినారి రాసుకున్నాడు. ఆమె 1074 దాకా బతికింది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు మనవలు గద్దె ఎక్కడం చూసింది.

మిచినాగాను హీరోగా తీశారు కాబట్టి మనకు ఆయన ముఖమే మంచిగా కనిపిస్తుంది. తేషి వైపు నుంచి, అత్సుయాసు వైపు నుంచి చూడండి ఒకసారి.

పాలమూరు_పంతులు

జరీ అక్క మాటకు అడ్డం చెప్పను గానీ విలన్ అనడం కూడా సరికాదు. తన తండ్రి చక్రవర్తికి దొంగ ఏడుపుతో గుండు చేయిస్తే, ఈయన కొరెచికను మరుసటి ఏడాదే రాజధానికి రానిచ్చాడు, తర్వాత కొంత హోదా కూడా తిరిగి వచ్చింది. ఆ ఇంటి లెక్కలో ఇది మెత్తదనమే.

గద్వాల_జరీ

@పాలమూరు_పంతులు, ఊరు వెళ్లగొట్టి మళ్లీ రానిస్తే మెత్తదనమా? తిరిగి రానిచ్చింది సెన్షి జబ్బు నయం కావాలని ఇచ్చిన క్షమాభిక్షలో. ఇక ఇచిజో తర్వాత వచ్చిన సంజో చక్రవర్తిని ఏం చేశాడు? చూపు పోతున్న మనిషిని దిగిపో దిగిపో అని సతాయించి 1016లో దింపేదాకా వదల్లేదు.

దేవరకొండ_అక్షరం

చూపు మాటకు వస్తే, మిచినాగాకే కొన్నేళ్లలో కళ్లు మసకబారాయి, ఎదుటివాడి ముఖం ఆనడం లేదని వాపోయాడు. చక్కెర జబ్బు అని ఇప్పటివాళ్లు అంటున్నారు, తీరని దాహం అని డైరీల్లో ఉంది.

1018లో మూడో కూతురు కూడా పట్టపురాణి అయిన రాత్రి విందులో ఆ పేరుమోసిన చంద్రుడి పద్యం చెప్పాడు, ఈ లోకం నాదే అనిపిస్తోంది, నిండు చంద్రుడిలా ఎక్కడా వెలితి లేదనుకుంటే అని. అది ఆయన తన డైరీలో రాసుకోలేదు, పద్యం చెప్పానని మాత్రం రాశాడు. మనకు దక్కింది సనెసుకె డైరీలో. మిచినాగా ఆ సనెసుకెనే బదులు పద్యం చెప్పమని అడిగితే, ఇంత గొప్ప పద్యానికి నేనేం జవాబు చెప్తాను, అందరం కలిసి ఇదే పాడదాం అని తప్పించుకున్నాడు. అందరూ పాడారు.

మిర్యాలగూడ_మిల్లు

సనెసుకె మస్తు తెలివి. నేను మళ్లీ అయిదో ఎపిసోడ్ నుంచి మొదలుపెడుతున్న, ఈయన ఎవరో ముందు గుర్తుపట్టే పద్ధతి చెప్పండి, అందరివీ ఒకే టోపీలు.

పానగల్లు_పిల్ల

నల్లగా, కొంచెం లావుగా, ఎవరినో ఒకరిని సణుగుతూ ఉంటాడు అన్నా, ఇంట్లో కూడా. డైరీ రాసుకోండి అని భార్య తిడుతుంది చూడండి, ఆయనే.